పెరటి గుమ్మం

జూన్ 4

పిన్నీ,

ముందు ఆ చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టు. ఎగిరి గంతేసేటంత కబురు తెచ్చాను, గంతులో ఎక్కడైనా గుచ్చుకుంటే బాబాయి నన్నంటాడు.

మా గ్రంథాలయంలో నేను చూసుకునే కంప్యూటర్ల గది సంగతి నీకు తెలుసుగా. మెట్ల కింద ఇరుకు గది, కిటికీ పక్కన వరసగా ముసలి కంప్యూటర్లు. వీడియోల సైటు తెరిస్తే చాలు, తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది. జనం కాసేపు చూసి, ఓ నిట్టూర్పు వదిలి లేచి వెళ్ళిపోతారు. ఖాళీ గది కనబడితే మా అధికారికి చేతులు దురద పెడతాయి. "ఈ సెలవులయ్యేలోగా ఇక్కడ మనుషులు కనబడాలమ్మాయ్. లేకపోతే విరిగిన కుర్చీలన్నీ ఇందులో పడేసి, నిన్ను పైకి పంపుతా, పుస్తకాలకు అట్టలు వేద్దువుగాని" అన్నాడు. అట్టలు! నేను!

నిన్న దొరికింది దీనికి మందు. ఆ పేజీ బరువు వీడియోది కాదట పిన్నీ, దాని చుట్టూ తగిలించిన సరుకుదట. ప్రకటనలు, "ఇది చూడు, అది చూడు" అని కొంగు పట్టి లాగే బొమ్మలు, మనం ఏం చూస్తున్నామో రాసుకుపోయే గూఢచారి ప్రోగ్రాములు. ఎవరో పుణ్యాత్ములు కూర్చుని, అదే సైటుకి ఇంకో గుమ్మం కట్టారు. మనం ఆ గుమ్మంలో నిలబడి ఫలానా వీడియో కావాలని అడిగితే, మధ్యలో వాళ్ళ కంప్యూటరు మన తరఫున లోపలికి వెళ్ళి ఆ వీడియో ఒక్కటీ పట్టుకొచ్చి మన చేతిలో పెడుతుంది. మన పేరూ ఊరూ ఆ సైటువాళ్ళకు తెలియనే తెలియదు. ప్రత్యామ్నాయ ఫ్రంటెండు అంటారు దీన్ని. నాకు నోరు తిరగక పెరటి గుమ్మం అని పేరు పెట్టేశా. ఇల్లు అదే. వీధి వైపు గోల లేకుండా వెనకనించి వెళ్ళిరావడం, అంతే.

మొట్టమొదట ఏ వీడియో తెరిచానో చెప్పుకో. నీదే! కుట్టుమిషను బాబిన్‌లో దారం చిక్కుపడితే ఎలా తియ్యాలో చూపించావే, అది. అన్నిటికన్నా ముసలి కంప్యూటర్లో గడగడా ఆడేసింది. చక్రం లేదు, ప్రకటన లేదు. వీడియో తీసే బాబాయి బొటనవేలు మాత్రం ఎప్పట్లాగే తెర మూలన ఉంది. గదిలో నేనొక్కదాన్నే, అయినా చప్పట్లు కొట్టేశాను.

అమ్మ బాగానే ఉంది. నీ వీడియోల సంగతి ఎత్తితే "దాని గోల దానిది" అంటుంది. మీ అక్క నీకు కొత్తా.

నీ పిచ్చుక

జూన్ 9

ఒసేయ్ పిచ్చుకా,

ఇక్కడ అందరం బాగున్నాం, మీ బాబాయి మోకాలు తప్ప. నీ ఉత్తరం చదివి నవ్వుతుంటే దుకాణంలోకి వచ్చినావిడ నన్ను వింతగా చూసింది. ఆవిడ మిషను బెల్టు గురించి ఏదో అడిగింది, నేను తలూపి సూది తెచ్చిచ్చాను. ఇదీ నా బతుకు. బట్టల ఫ్యాక్టరీ మిషన్ల మోతలో ఒక చెవి వదిలేసి వచ్చాను, రెండోది ఉండీ లేనట్టు. గొంతు పెంచి అడుగుతారు, అయినా నాకు సగమే అందుతుంది. ఇంకా పెంచి అడుగుతారు, వీధంతా వింటుంది నేను తప్ప.

అందుకేనే ఆ వీడియోలంటే నాకు ప్రాణం. పని అయ్యాక టీ తెచ్చుకుని, ఫోను తెరిచి, వీడియో కింద ఎవరేం రాశారో చూస్తాను. మొన్న ఒకావిడ తన మిషను కుట్లు వదిలేస్తోందని రాసింది. సూది తిరగేసి పెట్టావేమో చూడమ్మా అన్నాను. అరగంటలో "అదేనండీ! మీ చేతులకు దణ్ణం" అని రాసింది. చూడు, ఆవిడ అరవలేదు, నేను చెవి ఒగ్గలేదు, ఇద్దరం సుబ్బరంగా మాట్లాడుకున్నాం. ఎన్నేళ్ళయిందే నేనలా మాట్లాడి!

అందరికన్నా ముందు నువ్వు రాస్తావు చూడు, "వెలుగు బాగుంది పిన్నీ, బాబాయి వేలు తీయించు" అని, అది చూస్తే నాకు కడుపు నిండుతుంది. నువ్వు మొదలుపెడితే మిగతావాళ్ళకూ మొహమాటం పోతుంది.

ఈ ఆదివారం దారం బిగువు గురించి తీస్తున్నాం. పై దారం ఎంత బిగించాలి, కింది దారం ఎంత వదలాలి, అదీ విషయం. నా దగ్గరున్న విద్యంతా అందులో పెడుతున్నా. చూసి ఎలా ఉందో రాయి.

మీ అమ్మ చూడదులే. చిన్నప్పుడు నేను గడియారం విప్పితే వీపు విమానం మోత మోగించిన మనిషి.

నీ పెరటి గుమ్మం నాకు సగమే అర్థమైంది. నీ గది నిలబడితే చాలు.

మీ పిన్ని

జూన్ 16

పిన్నీ పిన్నీ పిన్నీ,

గది నిండిపోయింది! కుర్చీ కోసం నిన్న ఇద్దరు పెద్దమనుషులు మాటామాటా అనుకున్నారు, నాకు ఆనందంతో ఏడుపొచ్చింది. మా అధికారి మెట్ల మీదినించి తొంగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆయన ఏమీ అనలేదంటే అది మెచ్చుకోవడం కిందే లెక్క.

వీడియోలతో ఆగలేదు నేను. వార్తల సైటుకొకటి, జనం ప్రశ్నలూ జవాబులూ రాసుకునే సైటుకొకటి, పొట్టి పొట్టి కబుర్ల సైటుకొకటి, అన్నిటికీ పెరటి గుమ్మాలు వెతికి పెట్టేశా. బస్సు డ్రైవరుగారొకాయన రోజూ వచ్చి వార్తలు చదువుతాడు. "ఇదివరకు ఒకసారి బూట్లు చూసిన పాపానికి నెల్లాళ్ళు ఆ బూట్లు నా వెంట నడిచాయమ్మా, ఇప్పుడు హాయిగా ఉంది" అన్నాడు. మధ్యలో ఒకరోజు సైటువాళ్ళు కనిపెట్టి ఒక దారి మూసేశారు. గదంతా గగ్గోలు. నేను ఇంకో దారి వెతికి పట్టుకునేదాకా డ్రైవరుగారు నా కుర్చీ వెనకే నిలబడి ధైర్యం చెప్పాడు. దొరికేసరికి ఈల వేశాడు, గ్రంథాలయంలో!

ఇంట్లోనూ మార్చేశా. అమ్మ ఫోను, అన్నయ్య ఫోను, వదిన ఫోను, ఎవర్నీ వదల్లేదు. వీధి గుమ్మం మాటే లేదు ఇక.

అన్నిటికన్నా సుఖం ఏంటో చెప్పనా. వీడియో కింద మాటలు కనబడే మీట ఒకటుంటుంది. దాన్ని అన్ని కంప్యూటర్లలోనూ ఆపేశాను. ఎంత ప్రశాంతమో! పనీపాటా లేనివాళ్ళు అక్కడ చేరి రాసే ఊకదంపుడంతా వదిలిపోయింది. నా ఖాతా కూడా మూసేసి చేతులు కడుక్కున్నా.

నీ దారం బిగువు వీడియో చూశాను, అద్భుతం! మిగతాది వచ్చే ఉత్తరంలో, ఎవరో పిలుస్తున్నారు.

నీ పిచ్చుక

జూన్ 23

అమ్మాయికి,

ఉత్తరం అందింది. నీ గది నిండినందుకు సంతోషం.

దారం బిగువు వీడియో పెట్టాం. ఎవరూ ఏమీ రాయలేదు. ఫోను నిలబెట్టే కర్ర అటక మీద పెట్టించాను. ఇంట్లో అడ్డంగా ఉంటోంది.

దుకాణంలో పని చాలా ఉంది. పనీపాటా లేకుండా ఏమీ లేను.

పిన్ని

జూన్ 28

పిన్నీ,

ఏంటా ఉత్తరం? కరెంటు ఆఫీసువాళ్ళు కూడా అంతకన్నా ప్రేమగా రాస్తారు. "అమ్మాయికి" అట! ఎవరా అమ్మాయి?

పట్టుకెళ్ళి అమ్మకు చూపించాను. అమ్మ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "ఇదంతా కత్తెర కోసం" అంది. నీ పెద్ద కత్తెర అమ్మ తెచ్చుకుని తిరిగివ్వలేదట కదా, ఎప్పటి మాటో. బీరువా తీసి, మొహం మాడ్చుకుని, బట్టలో చుట్టి నా చేతిలో పెట్టింది. "నోరు విప్పి అడగొచ్చుగా, ఈ సాధింపులెందుకు" అంది. ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నాను. ఇప్పుడైనా నన్ను పిచ్చుకా అని పిలు.

కోపం తగ్గించే కబురొకటి చెప్తాను విను. బడిసంచులు కుట్టే ఆడవాళ్ళు నలుగురు మా గదికి వస్తున్నారు. నీ దారం బిగువు వీడియో వాళ్ళకు పిచ్చిగా నచ్చింది. ఒకసారి చూసి ఇంటికెళ్ళి చేస్తే గుర్తుండట్లేదని, మొన్న ఏకంగా మిషనునే తోపుడుబండి మీద పెట్టుకొచ్చేశారు! తెర ముందు మిషను దింపి, నువ్వు ఒక మర తిప్పితే వాళ్ళూ ఒక మర తిప్పడం, నువ్వు ఆగితే వాళ్ళూ ఆగడం. చప్పుడుకి మా అధికారి ఆవేశంగా దిగొచ్చాడు. చూశాడు, చూశాడు, "మా ఇంట్లో మిషనూ ఇలాగే దారం తెంపుతోంది, కాస్త వెనక్కి తిప్పు" అన్నాడు! గదికిక ఢోకా లేదు పిన్నీ, అట్టలు తప్పాయి! రోజూ నీ వీడియోలే ఆడుతున్నాయి ఇక్కడ.

నీ పిచ్చుక (అమ్మాయి కాదు)

జూలై 4

కత్తెర ఎవరిక్కావాలే!

మీ తల్లీకూతుళ్ళిద్దరికీ నేను కత్తెర కోసం మొహం ముడుచుకునేదాన్లా కనబడ్డానా? ఊరుకుందామనుకున్నాను. ఆ కత్తెర చూశాక ఇక ఊరుకోలేను.

నాకు కథలు చెప్పకు. రోజూ నా వీడియోలే చూస్తున్నారా అక్కడ? అంతమంది చూస్తే కింద అంకె కదలదా? నేను కళ్ళు కాయలు కాచేలా చూశాను, అది ఉన్నచోటే ఉంది. తోపుడుబండి మీద మిషను తెచ్చుకున్నవాళ్ళు ఒక్క ముక్క రాయరా, బాగుందనో బాగాలేదనో? పిన్ని చిన్నబుచ్చుకుందని తెలిసి ఓదార్చడానికి అల్లావు. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే, ఎవరి మొహం వాడినా ఒక కథ అల్లేస్తావు.

నువ్వైనా రాయలేదు. పైగా కింద రాసేవాళ్ళంతా పనీపాటా లేనివాళ్ళని, అది ఊకదంపుడని నాకే రాశావు. ఆ ఊకదంపుడేనే నాకు మాటలు. దుకాణంలో నోళ్ళు కదలడం చూస్తాను, మాట వినబడదు. అక్కడొక్కచోటే వినబడేది. ఎవరో ఒకావిడ సూది గురించి అడిగితే ఆ పూటంతా నాకు పండగ. దాన్ని వదిలించుకుని చేతులు కడుక్కున్నానని నువ్వు రాస్తే, నన్నే వదిలించుకున్నట్టు అనిపించింది. ఏడ్చాను కూడా. మీ బాబాయి చూసి ఫ్యాను ఆపేశారు, గాలికి కళ్ళలో దుమ్ము పడిందనుకుని.

ఈ ఆదివారం వీడియోలన్నీ తీయించేస్తున్నాను. వినేవాళ్ళు లేనిచోట మాట్లాడటం పిచ్చివాళ్ళ పని. నాకసలే చెవుడు, పిచ్చి కూడా ఎందుకు.

కత్తెర మొద్దుబారిపోయింది. దాంతో మీ అమ్మ ఏం కోసిందో ఏమో.

పిన్ని

జూలై 7

పిన్నీ, తియ్యకు! ఏదీ తియ్యకు! ముందు చివరిదాకా చదువు!

నీ ఉత్తరం చదివి నా నెత్తి నేనే మొట్టుకున్నాను. వెంటనే బాబాయికి ఫోన్ చేశాను. "నేనేం చెప్పినా నమ్మట్లేదమ్మా, నువ్వే రాసి పంపు" అన్నాడు. ఇది నీకు చేరేదాకా నీ ఫోను ఛార్జింగు పెట్టనని నాకు మాటిచ్చాడు. ఆయన్ని తిట్టకు.

నేను అల్లలేదు పిన్నీ. ఒట్టు. చూస్తున్నారు. రోజూ చూస్తున్నారు. తప్పంతా నా పెరటి గుమ్మానిది, కాదు, నాది. మనకోసం మధ్యలో ఒక కంప్యూటరు వెళ్ళి వీడియో పట్టుకొస్తుందని రాశానా, మన పేరు సైటువాళ్ళకు తెలియదని గొప్పగా రాశానా? తెలియకపోతే వాళ్ళు లెక్కలో ఎలా వేస్తారు? ఇక్కడ గది కిక్కిరిసినా నీ అంకె కదలదు. ఆ గుమ్మంలోంచి చూడొచ్చు గానీ, ఒక్క ముక్క రాయడానికి వీల్లేదు. వేరేవాళ్ళు రాసినవి చదివే వీలుండేది, ఆ మీట కూడా నా చేత్తో నేనే ఆపేశా. ప్రకటనలు వెళ్ళగొట్టే సంబరంలో మనుషుల నోళ్ళు కట్టేశానని నాకు తట్టనే లేదు.

నువ్వేమో వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఎవరైనా పలకరిస్తారా అని చూస్తూ కూర్చున్నావు. నేనేమో ఊరందర్నీ పెరట్లోంచి తీసుకొచ్చి, నీ పని చూపించి, పెరట్లోంచే పంపేశాను. నాకు బుద్ధి లేదు పిన్నీ. పనీపాటా లేనివాళ్ళన్నది నిన్ను కాదు. నిన్నెలా అంటాను?

నిన్న గదిలో లేచి నిలబడి జరిగిందంతా చెప్పాను. సంచులు కుట్టే ఆవిడ గబుక్కున లేచి "అయ్యో, ఆవిడ మనం చూడట్లేదనుకుంటున్నారా!" అని నన్నే కసిరింది. ఇప్పుడు వీధి గుమ్మం తెరుద్దామన్నా ఈ ముసలి కంప్యూటర్లలో తెరుచుకోదు, మళ్ళీ ఆ చక్రమే. అప్పుడు డ్రైవరుగారు అన్నాడు, "అమ్మా, ఆ సైటుకి ఇంకో గుమ్మం ఉన్నప్పుడు ఆవిడకు మాత్రం ఉండదా? కాగితాలు తేండి" అని. పుస్తకాల అట్టలకు మిగిలిన కాగితం చించి అందరికీ పంచాను. ఎవరేం రాశారో నేను చదవలేదు, అవి నీవి. అమ్మ చేత మూట కట్టించి, పెరటి గుమ్మం ఎలా తెరవాలో రాసిన కాగితం కూడా పెట్టి, దీంతో పంపుతున్నా. మీట కూడా మళ్ళీ వేసేశాను.

తియ్యకు పిన్నీ. నీకు వినబడేలా నేను ఇక్కడినుంచే అరుస్తున్నాను.

నీ బుద్ధిలేని పిచ్చుక

జూలై 12

నా పిచ్చుకా,

మీ బాబాయి ఛార్జింగు పెట్టకుండా దాచిన ఫోను నేను శనివారమే కనిపెట్టాను. పప్పుల డబ్బా వెనక పెట్టారు, ఆ డబ్బా తెరిచేది నేనని మర్చిపోయి. ఛార్జింగు పెట్టాను. మొదట దారం బిగువుదే తీసేశాను, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది కనుక. రెండోదాని మీద వేలు పెట్టబోతుంటే పోస్టతను మూటతో వచ్చాడు. మూట పెద్దదిగా ఉంటే మళ్ళీ ఏం కత్తెర పంపారో అనుకున్నాను.

ఎంతమంది రాశారే! నేలమీద పరుచుకుని కూర్చున్నాను. ఒకావిడ మందం బట్టకు ఏ సూది వాడాలని అడిగింది. ఒకాయన, మీ డ్రైవరుగారే అయుంటాడు, తనకు మిషను లేకపోయినా నేను మరలు తిప్పుతుంటే చూడటం బాగుంటుందని రాశాడు. మీ అధికారి సంతకం పెట్టి, తేదీ వేసి, "కింది దారం విషయమై సందేహం" అని రాశాడు. సగంమంది అడిగింది ఒకటే, తెర మూల ఆ బొటనవేలు ఎవరిదని! మీ బాబాయికి చదివి వినిపిస్తే, సిగ్గుపడి చెయ్యి జేబులో పెట్టుకున్నారు. ఒక్కో కాగితం చదువుతుంటే ఒక్కో గొంతు వినబడింది. ఎవరూ అరవలేదు. కళ్ళు తుడుచుకుంటూనే అందరికీ జవాబులు రాశాను, ఇందులోనే పెట్టాను, పంచిపెట్టు.

తర్వాత నువ్వు రాసిచ్చిన పద్ధతి ప్రకారం మీ బాబాయి ఫోనులో పెరటి గుమ్మం తెరిచారు. నా బాబిన్ వీడియో నేనే చూసుకున్నాను. ఇన్నాళ్ళూ దాని మీద "పాతది పారెయ్యండి, కొత్త మిషను కొనండి" అని ఒక పట్టీ వచ్చి కూర్చునేది, నేను బాగుచేస్తుంటే నా చేతుల మీదే. ఇప్పుడు లేదు. నా చేతులే ఉన్నాయి. నాకిష్టమైందే నీ గుమ్మం! దాన్ని మూయకు. అంకె కదలకపోతే పీడా పోయింది.

దారం బిగువుది తీసేశాను కదా, మళ్ళీ తియ్యాలి. ఈసారి మీ గదిలో తీద్దాం. వచ్చే ఆదివారం నేనూ బాబాయీ కర్రతో సహా వస్తున్నాం. సంచుల ఆవిడను బండి మీద మిషను తెమ్మను. అడిగేవాళ్ళకు కాగితాలు ఇవ్వు.

ఒక్క కాగితానికి మాత్రం జవాబు రాయలేదు. అది అన్నిటికన్నా అడుగున ఉంది. నువ్వు చదవలేదన్నావు కనుక, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"చెల్లీ, పిల్ల పెట్టిచ్చిన గుమ్మంలోంచి రోజూ మధ్యాహ్నం నిన్ను చూస్తున్నాను. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు నాలుక బయటపెట్టడం ఇంకా మానలేదు నువ్వు. నీకు వినబడాలంటే నేను అరవాలి, అరిస్తే తిట్టినట్టుంటుంది, అందుకే ఫోన్ చెయ్యడం మానేశాను. ఆ కత్తెర నీదని దాచుకున్నాను, కొయ్యడానికి కాదు. మళ్ళీ పంపు."

దీనికి నేనేం రాయనే? అక్కకు చెప్పు, కత్తెర పోస్టులో పంపట్లేదు. పదును పెట్టాను, ఆదివారం నేనే తెస్తున్నాను. అరిచినా ఫరవాలేదని చెప్పు.

మీ పిన్ని